ఇవాళ్టి విలన్

మా ఇంట్లో పగలంతా వినపడ్డ గొణుగుళ్లతోనే టీవీ సాయంత్రానికి ‘ముసుగు విలుకాడు’ సీరియల్ అల్లుతుంది. ఎవరిని తిట్టుకుంటే వాళ్ల మొహంతోనే విలన్ వస్తాడు, విలుకాడు బాణం వేస్తాడు. లిఫ్టు బాగుచేయించని అపార్ట్‌మెంటు సెక్రటరీ మొన్న తెరమీద బాణం తగిలి కూలిపోతుంటే నేను చప్పట్లు కొట్టాను.

ఇవాళ విలన్ నా ఆకుపచ్చ నైటీలో, నా మొహంతో వచ్చింది. విలుకాడు వింటినారి లాగాడు. రిమోట్ కోసం సోఫా అంతా తడిమాను, దొరకలేదు.

పక్కన వెల్లుల్లి ఒలుస్తున్న మా అత్తయ్య చేతులు ఆగిపోయాయి.

“నిన్నేం తిట్టలేదే సుభాషిణీ! మోకాళ్లకు నూనె రాయమంటే విసుక్కున్నావని దేవుడి దగ్గర చెప్పుకున్నానంతే. ఈ టీవీ అది కూడా వింటుందనుకోలేదు.”

బాణం వదిలేలోగా ఆవిడ కుంటుతూ లేచి, టీవీకి అడ్డంగా నిలబడింది.

“నువ్వు చూడకమ్మా,” అంది.