కొత్తగా కొన్న పాత తుపాకీ

అమ్మినవాడు ఖాళీ అన్నంత మాత్రాన తుపాకీని నమ్మడం బుద్ధిహీనత అని గడియారాలు బాగుచేసే అక్క అభిప్రాయం. దాన్ని కొన్న తమ్ముడికి అంత ఆలోచన ఎక్కడిది? చీకటి పడ్డాక ఆమె దాన్ని పనిగదిలోంచి తెచ్చి, గదికి మళ్లీ తాళం వేసేలోగా, గొట్టం మూతికి కన్ను ఆనించేశాడు.

“ఖాళీయే అక్కా. వాళ్ల తాత పోయాక దీన్ని ఎవరూ ముట్టుకోలేదట.”

“కన్ను తియ్యి వెధవా. ఉన్నవి రెండే.”

అది మూతివైపు నుంచి మందు కూరే తుపాకీ. తుపాకీమందు పోసి, ఉమ్మితో తడిపిన గుడ్డముక్కలో గుండు చుట్టి, కడ్డీతో అడుగుదాకా దిగ్గొట్టాలి. ఆమె కడ్డీని లోపలికి వదిలింది. ఖంగుమనవలసిన కడ్డీ అడుగంటకుండానే మెత్తగా ఆగింది.

తమ్ముడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె తుపాకీ మూతిని గోడవైపు తిప్పి, కడ్డీ కొసకు మరసూది బిగించి, గుండులోకి తిప్పి, దాన్ని నెమ్మదిగా బయటికి లాగింది. దాన్ని చుట్టుకుని గుడ్డముక్క వచ్చింది. తాతల నాటిదైతే ఎండి పొడి కావాలి. అది తడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది.

“నేను కాదక్కా. పొద్దుటినుంచీ నీ గదిలోనే ఉంది కదా, తాళం వేసి.”

“తెలుసు.” ఆమె మందంతా దులిపేసింది. “ఇప్పుడిది నిజంగా ఖాళీ. రేపు ఆ అమ్మినవాడి సంగతి నేను చూస్తాను. వెళ్లి పడుకో.”

తాళం వేసిన పనిగదిలో, తొందరేమీ లేనట్టు, ఎవరో గుడ్డ చింపారు. ఆ తర్వాత ఉమ్మిన చప్పుడు.