నిండితేనే నడిచేది

బల్ల మీద పట్టే మిషన్ ఒకటి కొనడానికి ఆ ల్యాబులో నెలల తరబడి బల్లలు గుద్దుకుంటున్నారు.

మిషన్ పని డీఎన్ఏ చదవడం. పసిపిల్లల్లో అంతుపట్టని జబ్బులకి కారణం వెతికే రీసెర్చ్ ల్యాబు అది. ఆసుపత్రుల నుంచి చిన్న చిన్న ట్యూబుల్లో రక్తం వస్తుంది. వీళ్ళు చదివి చెబితే అక్కడ డాక్టరు మందు రాస్తాడు. చదివే మిషన్ లేక ట్యూబులు ఫ్రీజర్లో గడ్డకడుతున్నాయి, కన్నవాళ్ళు బయట గడ్డకడుతున్నారు.

కొనడానికి కమిటీ వేశారు. కమిటీలో నిర్ణయం రాకపోయినా కమ్మటి టీ మాత్రం వేళకి వచ్చేది.

చివరికి రెండు మిషన్లు మిగిలాయి. ఒకటి చిన్నది. నాలుగు శాంపిళ్ళున్నా చాలు, రెండ్రోజుల్లో చదివి పెడుతుంది. రెండోది పెద్దది. వందకి దగ్గరగా పడతాయి. అన్నీ నిండితేనే గిట్టుబాటు, నిండకుండా నడిపితే తడిసి మోపెడు.

"మనకి వారానికి వచ్చేవే అయిదారు. చిన్నది చాలండి," అంది సైంటిస్టు మేడమ్.

"చిన్నది చిన్నతనంగా ఉంటుందమ్మా," అన్నాడు డైరెక్టరు. "పక్క ల్యాబులో పెద్దది పెట్టారు. రేపు పెద్దవాళ్ళెవరైనా చూడ్డానికొస్తే ఏం చూపిస్తాం, మిక్సీ అంత మిషనా?"

కమిటీ నవ్వింది. మేడమ్ నవ్వలేదు. పిల్లల జబ్బులు పెట్టె నిండేదాకా ఆగవని చెప్పింది. నవ్విన వాళ్ళలో ఇద్దరు మెల్లిగా తలలూపారు. ఇంకో తల ఊగితే చిన్నదే వచ్చేది.

సేల్స్ వాళ్ళు రావడానికి బుధవారం. రోగుల తాలూకు వాళ్ళకి ఏ వారమూ లేదు. వాళ్ళేం అడగాలన్నా ఆసుపత్రిలోనే అడగాలి.

ఆ బుధవారం టైలు కట్టినవాళ్ళ మధ్య టై లేని ఒకాయన, ఒళ్ళో నల్ల బ్యాగు పెట్టుకుని కారిడార్లో కూర్చున్నాడు. డైరెక్టరు బయటికి రాగానే లేచాడు.

"సార్, ఒక్క మాట. చిన్న మిషనైతే తొందరగా చదువుతుందటగా? ఇక్కడ వీళ్ళు అనుకుంటుంటే విన్నాను."

డైరెక్టరు ఎగాదిగా చూశాడు. "ఏ కంపెనీ?"

"కంపెనీ కాదండి, నేను..."

"తెలుసులేవయ్యా. ఏజెంటువి. ఏ జెంటువైనా మా దగ్గర పప్పులుడకవు."

"అది కాదండి. ఒక్కటే శాంపిలు ఉందనుకోండి. దానికోసం పెద్ద మిషన్ నడుపుతారా?"

"ఒక్క మనిషి ఎక్కితే బస్సు కదులుతుందా?"

"ప్రాణం మీదికొస్తే కారు మాట్లాడుకుంటాం కదండీ."

డైరెక్టరు మొహం గంటు పెట్టుకుని లోపలికెళ్ళాడు.

"చూశారా, చిన్న మిషన్ వాడు కారిడార్లోనే కాపు కాశాడు. వాడికింత ఆత్రం ఉందంటే మనలో ఎవరికో వాటా ఉందన్నమాట."

ఇంక చిన్నదాని పేరెత్తితే కమీషన్ తిన్నట్టే. ఊగిన తలలు రెండూ మెడ పట్టేసినట్టు బిగుసుకుపోయాయి. మేడమ్ ఫైలు మూసేసింది.

పెద్దదే ఖాయమైంది. నల్ల బ్యాగాయన్ని మళ్ళీ రానివ్వొద్దని గేటుకి ఆర్డరు వెళ్ళింది.

ఆయన వస్తూనే ఉన్నాడు. గేటు బయటే నిలబడి గార్డుని అడిగేవాడు.

"కొత్త మిషన్ నడిచిందా అన్నా?"

"లేదు. పోటీవాడి మిషన్ నడవకపోతే నీకెంత సంబరమయ్యా."

ఆయన బ్యాగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

లోపల రిబ్బను కత్తిరించిన మిషన్ నిగనిగలాడుతూ కూర్చుంది. సగం నిండాక మేడమ్ అడిగింది.

"నడిపేద్దామా సార్?"

"సగంతో నడిపితే ఆడిటరు మనల్ని నడిపిస్తాడమ్మా, ఇంటికి. ఇంకో సగం రానీ."

ఎండలు పోయి వానలు వచ్చాక నిండింది. నడిచింది. మొదటి విడతలోనే ఒక పాప జబ్బు దొరికింది. పేరు బారెడు, మందు బెత్తెడు. రోజుకో విటమిన్ మాత్ర వేస్తే చాలు, ఆ పాప అందరు పిల్లల్లాగే పెరుగుతుంది.

డైరెక్టరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"వాళ్ళ నాన్నకి మెసేజ్ పెట్టండి, రిపోర్టు వచ్చింది రమ్మని. సంగతి మాత్రం చెప్పకండి. ఎదురుగా చెబితే ఆ మొహంలో వెలుగు ఫోటోలో పడుతుంది."

"ముందు ఆసుపత్రికి చెబుదాం సార్," అంది మేడమ్.

"చెబుదాం. ఒక్కరోజులో ఏం మునిగిపోదు."

మర్నాడు ఫోటోగ్రాఫరు వచ్చాడు. డైరెక్టరు ఉతికిన తెల్లకోటు తొడుక్కుని మిషన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

గేటు నుంచి ఫోను మోగింది.

"సార్, ఆ నల్ల బ్యాగాయన లోపలికొస్తానంటున్నాడండి."

"ఇవాళే దొరికిందా అతనికి. మిషన్ కొనేశాం, ఇంక ఇక్కడ పనేం లేదని చెప్పు. పాప వాళ్ళ నాన్న వచ్చే వేళయింది, దారికడ్డం లేకుండా పంపెయ్."

అవతల ఏవో మాటలు వినిపించాయి. గార్డు మళ్ళీ లైన్లోకి వచ్చేసరికి గొంతు తగ్గిపోయింది.

"పనేం లేదనే ఆయనా అంటున్నాడండి. జబ్బు పేరొక్కటి కాయితం మీద రాసిస్తే వెళ్ళిపోతాడట. తన పాలు పడకే పాప పోయిందని ఇంట్లో ఆవిడ అన్నం ముట్టడం లేదట, తీసుకెళ్ళి చూపించాలట. సార్, మీరు మెసేజ్ పెట్టి రమ్మన్నది ఈయన్నేనండి."