కెజియా నిద్ర

ఒకరి నిద్రను పట్టీలో నింపి మరొకరి చేతికి కట్టడం ఇంటింటా మామూలైపోయిన కాలమది. కట్టించుకున్నవారికి పడుకోకుండానే అలసట తీరేది, పడుకున్నవారికి మాత్రం అలాగే మిగిలేది. గుంటూరులో సలోమి గారింట్లోనూ, ఆదివారం ఆరాధన నుండి వచ్చి భోజనాలు ముగించాక, కోడలు కెజియా పట్టీ కట్టుకొని పడుకునేది. ఆ నిద్ర సోమవారం ఆమె భర్త జయరాజు చేతికెక్కేది. ఆమె లేచి వారానికి సరిపడా పిండి రుబ్బి, నర్సు యూనిఫాం ఇస్త్రీ చేసుకునేది.

ఆ ఆదివారం కెజియా కుర్చీలో కూర్చుని పట్టీ కట్టుకుంటూనే తూగింది. సలోమి దాన్ని లాగేసుకుంది.

"ఇవాళ నీ నిద్ర నువ్వే పోవే."

"ఆయనకి రేపు పెద్ద మీటింగుందత్తయ్యా."

"నీకు రేపు వార్డు నిండా రోగులు లేరా?"

"అందరిళ్ళలోనూ ఇంతేగదమ్మా," అని జయరాజు గొణిగాడు.

"అందరూ చేస్తే అన్యాయం న్యాయమైపోతుందట్రా?"

అతను జవాబు కోసం భార్య వైపు చూశాడు. ఆమె కుర్చీలోనే తల వాల్చి నిద్రపోయింది. జయరాజు ఆమె తల కింద మెల్లగా దిండు పెట్టాడు. తరువాత తల్లి ముందు చెయ్యి చాచాడు.

"పట్టీ నాకు కట్టమ్మా. రేపు పొద్దున కెజియాకి కడదాం. లేచి పిండి నేనే రుబ్బుతాను."

సలోమి బిగించి కట్టింది.

"ఒళ్ళు మరిచి పడుకో. కోడికునుకు తీసి దానికిచ్చావో, ఊరుకోను."