వంకర అక్షరం

రిటైరైన ఎక్స్‌రే డాక్టరమ్మకు ఇంట్లో కూర్చుని రాత్రిపూట చేసే ఈ పని దొరికాక ప్రాణం లేచొచ్చింది. పేర్లు తీసేసిన ఛాతీ ఎక్స్‌రేలు కంప్యూటరులో వస్తాయి. మచ్చ ఉన్నచోట ఆవిడ గీత గీస్తే, అది చూసి కంప్యూటరు నేర్చుకుంటుంది.

ఆ రాత్రి ఒక ఫిల్ములో, ఎడమవైపు గుర్తుగా పెట్టే సీసపు అక్షరం వంకరగా కనిపించింది. ఆవిడకు నవ్వాగలేదు. పోయిన భర్త ఆవిడ దగ్గరే టెక్నీషియనుగా ఎక్స్‌రేలు తీసేవారు, ఆవిడను “డాక్టరుగారూ” అనే పిలిచేవారు. ఆ అక్షరాన్ని ఏనాడూ తిన్నగా అతికించిన పాపాన పోలేదు. ఇది ఆయన తీసిన పాత ఫిల్మే అయ్యుంటుంది.

“ఏవండీ, ఇప్పటికైనా కాస్త తిన్నగా పెట్టకూడదూ,” అంది, పాత అలవాటుకొద్దీ.

తర్వాతి ఫిల్ములో అక్షరం తిన్నగా ఉంది. ఆ తర్వాతి దాంట్లోనూ అంతే.

ఆవిడ మొహం చేటంతయింది. “పోయాక బుద్ధిమంతులయ్యారన్నమాట,” అని మురిసిపోయింది.

ఫ్యాను చప్పుడు ఆగింది. వెనక చీకటి గదిలోంచి, బాగా తెలిసిన గొంతు మెల్లగా పలికింది.

“గాలి గట్టిగా పీల్చండి, డాక్టరుగారూ. బిగబట్టండి.”

ఆవిడ నిటారుగా కూర్చుని, గాలి నిండా పీల్చి బిగబట్టింది. ఇక “వదలండి” అనే మాట కోసం, నవ్వుమొహంతో అలాగే ఎదురుచూసింది.