మొదటి బుధవారం

సైరన్ మోగగానే సొలోమియా చేతిలోని రొట్టె కింద పడింది.

ఫ్రాన్సులోని లియోన్ నగరం మాత్రం చలించలేదు. బేకరీ ముందు వరస అలాగే ఉంది. కాఫీ తాగేవాళ్ళు కప్పు దించలేదు. నెలకోసారి, మొదటి బుధవారం మిట్టమధ్యాహ్నం, సైరన్ బాగా పనిచేస్తోందో లేదో మోగించి చూసుకోవడం అక్కడి రివాజు. చాలామంది దాన్ని విని, భోజనం వేళైందని వంటింట్లోకి వెళతారు.

సొలోమియా ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి చదువుకోడానికొచ్చి వారమే అయింది.

ఊరు చూపిస్తామని ఆమెను కొండమీది సందుల్లోకి తెచ్చినవాళ్ళు ఇద్దరు తోటి విద్యార్థులు. పోర్చుగల్ అబ్బాయి దుయార్తె, ఇటలీ అమ్మాయి ఒర్సోలా. ఏడాదిగా ఉంటున్నారు కాబట్టి ఊరంతా తామే కట్టించినట్టు మాట్లాడతారు.

ఆ పిల్ల ముందు యుద్ధం మాటెత్తకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఎంత నిష్ఠగా పాటించారంటే, ఈవేళ సైరన్ మోగుతుందని చెప్పడం కూడా మరిచిపోయారు.

సొలోమియా చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోయింది. కళ్ళు మాత్రం కిందికి దిగే మెట్లెక్కడున్నాయా అని వెతుకుతున్నాయి.

“ఏం లేదు, ఇది ఉత్తుత్తిదే,” అన్నాడు దుయార్తె.

ఆమెకు వినపడలేదు. ఆమె చెవుల్లో వేరే ఊరి సైరన్ మోగుతోంది.

ఎదురుగా చక్రాల సంచి లాక్కుంటూ ఒక ముసలామె వస్తోంది. ఆగింది. సొలోమియా ముఖంలోకి చూసింది. సంచి అక్కడే వదిలేసి, ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, పక్క ఇంటి తలుపు తోసి, చీకటి మెట్లమీదుగా నేలమాళిగలోకి దించేసింది.

మిగతా ఇద్దరూ వెనకే పరిగెత్తారు.

మీట నొక్కి దీపం వేసింది. కింద పాత సైకిలు, ద్రాక్షసారా సీసాలు, బూజు. ముసలామె సొలోమియాను ఒక పెట్టెమీద కూర్చోబెట్టింది. తన రెండు అరచేతులూ ఆమె చెవులమీద గట్టిగా పెట్టి, ముఖంలో ముఖం పెట్టి చూస్తూ కూర్చుంది.

పైన సైరన్ ఆగిపోయింది.

ముసలామె లేవలేదు.

“మామ్మగారూ, అయిపోయిందండీ. ఇక పదండి,” అన్నాడు దుయార్తె ఆమె వీపుతో.

వీపు పలకలేదు.

“పాపం, బుర్ర దెబ్బతింది,” అంది ఒర్సోలా గట్టిగానే. “జర్మన్లు దిగారనుకుంటోంది.”

అంతలో టప్పున దీపం ఆరిపోయింది. ఆ దేశంలో మెట్ల దీపాలకు పొదుపెక్కువ, కాసేపుండి వాటంతటవే ఆరిపోతాయి.

దుయార్తెకు ఆ సంగతి తెలుసు. తెలిసినా, పైన తలుపు గడియ పడిందేమోనన్న అనుమానం ఒకటి పుట్టింది.

“మామ్మగారూ, లైటెక్కడండీ?”

దుయార్తె గొంతు పెంచాడు.

“మామ్మగారూ?”

“ఒరే, మనల్ని ఇక్కడే పూడ్చేస్తుందేమోరా,” అంది ఒర్సోలా. సరదాగా అనబోయింది. అంటూనే దుయార్తె చొక్కా పట్టుకుంది.

గోడంతా తడిమి మీట నొక్కేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. ముసలామె అలాగే ఉంది. చేతులు తీయలేదు. సొలోమియా భుజాలు వణకడం పూర్తిగా ఆగాక, అప్పుడు లేచింది. చెంప నిమిరి, అందరికన్నా ముందు మెట్లెక్కి, తన సంచి తాను లాక్కుంటూ పోయింది. ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ నెలంతా క్యాంటీన్లో దుయార్తె చెప్పింది ఇదే కథ. రెండో వారానికల్లా కథలో ముసలామె చేతికి తుపాకీ కూడా వచ్చింది. లెక్కవేస్తే జర్మన్లు వెళ్ళిపోయేనాటికి ఆవిడ పుట్టి ఉండదు. కానీ బాగా నడుస్తున్న కథకు లెక్కలెందుకు?

సొలోమియా నవ్వలేదు.

తర్వాతి నెల మొదటి మంగళవారం ఆమెకు అన్నం సయించలేదు.

“రేపు మళ్ళీ మోగుతుందిగా,” అంది.

“ఉత్తుత్తిదేనని నీకిప్పుడు తెలుసుగా.”

“నాకు తెలుసు. నా ఒంటికి తెలీదు. ఆ మామ్మ దగ్గరికి తీసుకెళ్ళండి.”

బుధవారం ముగ్గురూ ఆపిల్ టార్ట్ ఒకటి కొనుక్కుని వెళ్ళారు. ముసలామె ఉండేది ఆ నేలమాళిగ ఉన్న ఇంట్లోనే, మొదటి అంతస్తులో. దుయార్తె గంట మీట నొక్కాడు. గంట మోగలేదు. నొక్కిన ప్రతిసారీ తలుపుపైనున్న గాజులోంచి లోపల దీపం మినుకుమినుకుమంది.

“చూశావా, గంటకి కూడా పిచ్చే,” అన్నాడు.

ఎదురింటాయన కుక్కతో బయటికొచ్చాడు. మదాం పెర్నోలే పోయి పది రోజులైందన్నాడు. నిద్రలోనే పోయిందట.

సొలోమియా మెట్టుమీద కూలబడింది. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. సైరన్ అందుకుంది.

దుయార్తె అలవాటుగా “ఉత్తుత్తిదే” అనబోయి ఆగాడు. ఏం చేయాలో తెలియలేదు. టార్ట్ ఒర్సోలాకిచ్చి, కింది మెట్టుమీద మోకాళ్ళేసుకుని, సొలోమియా చెవులమీద అరచేతులు పెట్టాడు.

సైరన్ ఆగింది. చేతులు తీశాడు. ఆమె భుజాలింకా వణుకుతున్నాయి. మళ్ళీ పెట్టాడు.

కుక్కతో సహా అంతా చూశాక ఎదురింటాయన అడిగాడు, ఇదేం వైద్యం బాబూ అని.

“మదాం దగ్గరే నేర్చుకున్నానండీ,” అన్నాడు దుయార్తె, ఆ భుజాల మీంచి చూపు తిప్పకుండా. “పాపం, ఆవిడ మనసు పాత యుద్ధంలోనే ఉండిపోయినట్టుంది. ఆరోజు సైరన్ వినగానే నిజమనుకుని మమ్మల్ని నేలమాళిగలోకి లాక్కుపోయింది.”

ఎదురింటాయన కుక్క తాడు చేతికి చుట్టుకున్నాడు.

“సైరన్ వినడమేంటి బాబూ,” అన్నాడు, “ఆవిడకి పుట్టుచెవుడు.”