నవ్వకుండా చెప్పే మాట

హోటల్ తడి మెట్ల మీద జారి, విదేశీ అతిథి ధబేల్మని కూలబడ్డాడు.

కౌంటర్లోంచి పరుగెత్తుకొచ్చిన క్వియెన్ "సారీ, సారీ" అంటూ నవ్వింది.

అతను అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "పడ్డవాణ్ణి చూసి నవ్వుతావా?"

అది సిగ్గుతో వచ్చిన నవ్వు. తప్పు జరిగితే చిన్నగా నవ్వి ఎదుటివాళ్ళ కోపం చల్లార్చమని ఈ వుంగ్‌తావ్ ఊళ్ళో ప్రతి అమ్మమ్మా నేర్పుతుంది. మోకాలు చెక్కుకుపోయినవాడికి ఆ సంగతేం తెలుసు?

"ఇది రెండోసారి," అంది హోటల్ యజమానురాలు లాయ్. "ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మరో ఫిర్యాదొస్తే సంచీ సర్దుకో."

మూడేళ్ళు షెడ్డులో రొయ్యలు ఒలుస్తూ ఇంగ్లిష్ నేర్చుకుని తెచ్చుకున్న ఉద్యోగం అది. మళ్ళీ ఆ రొయ్యల్లోకి వెళ్ళాలంటే క్వియెన్‌కి ఏడుపొచ్చింది.

సాయంత్రం హోటల్ ఎదురుగా ఐస్ టీ బండి దగ్గర కూర్చుని నోటుబుక్కు తీసింది. 'సారీ' అన్న మాట ఎదురుగా 'క్షమించండి' అని రాసుంది.

పక్క స్టూలు మీద చేతుల బనీనుతో ఓ ముసలాయన. ఇంట్లో పుట్టిన వరసని బట్టి అందరూ ఆయన్ని 'నాలుగో పెదనాన్న' అంటారు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

"సగమే రాశావు," అన్నాడాయన తొంగిచూసి.

"ఇంగ్లిష్ కూడా వచ్చా పెదనాన్నా? ఎన్నో తరగతిదాకా వెలగబెట్టావేంటి?"

"వెటకారం తర్వాతగానీ, విను. తప్పు నీది కాకపోయినా ఆ మాట అంటారు. ఎదుటివాళ్ళింట్లో ఎవరన్నా పోతే అంటారు. నీ దుఃఖంలో నేనూ ఉన్నానని."

"నవ్వితే?"

"నవ్వకు. మరో మాట కలపకు. పక్కన ఊరికే నిలబడు."

"ఎంతసేపు?"

"వాళ్ళకి ఊపిరాడేదాకా."

"బాగుంది, నీకేదో పెద్ద అనుభవం ఉన్నట్టు!" క్వియెన్ ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు.

వారం తర్వాత ఒక విదేశీ ముసలావిడ గది తీసుకుంది.

"ఎన్ని రోజులుంటారమ్మా?"

"రేపొక్కరోజే. మా తమ్ముడు ఇక్కడ యుద్ధంలో పోయిన రోజు. వాడికప్పుడు పంతొమ్మిదేళ్ళు."

ఏమనాలో తెలియక క్వియెన్ పెదాల మీదికి పాత నవ్వే వచ్చింది. లాయ్ మెట్ల మీదనుంచి చూస్తోంది.

క్వియెన్ ఆ నవ్వుని పళ్ళతో నొక్కిపట్టింది.

"సారీ," అంది. ఊరికే నిలబడింది.

ముసలావిడ కళ్ళు నిండాయి. కౌంటరు మీదుగా క్వియెన్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆవిడ గదిలోకి వెళ్ళాక లాయ్ దిగొచ్చింది. "రేపు దర్జీ దగ్గరికెళ్ళి మన హోటల్ డ్రెస్సుకి కొలతలిచ్చిరా," అంది.

క్వియెన్ కొబ్బరి మిఠాయి పొట్లం కొని టీ బండి దగ్గరికి పరుగు తీసింది. స్టూలు ఖాళీగా ఉంది.

"పెదనాన్న ఏడత్తా?"

"వెళ్ళిపోయాడే," అంది టీ అమ్మే ఆరో అత్త. "యుద్ధంలో పోయిన వాళ్ళన్న ఎముకలు ఇన్నేళ్ళకి దొరికాయట. సొంతూళ్ళో పూడ్చి, ఇక అక్కడే ఉంటానన్నాడు. ముఖం ఎంత వెలిగిపోయిందో!"

"అయ్యో, మిఠాయి తెచ్చానే! ఆయనకి ఇంగ్లిష్ ఎవరు నేర్పారత్తా?"

"ఇంగ్లిషా! వచ్చిందే 'సారీ' అన్న ఆ ఒక్క మాట. తమవాళ్ళు చచ్చిపోయిన చోటు చూడ్డానికొచ్చే విదేశీయుల్ని ఇరవయ్యేళ్ళు అడవిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ నిలబడి ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పేవాడు."

"ఇరవయ్యేళ్ళా?"

"ఊఁ. తన అన్నని కాల్చి చంపింది ఆ విదేశీయుల వాళ్ళేనని తెలిసే చెప్పేవాడమ్మా."