నిమ్మనీళ్ళ పెద్దమ్మ

"నీకు టీ లేదు పో!"

చొక్కాల ఫ్యాక్టరీ గేటు పక్కన టీ అమ్మే పెద్దమ్మ అంత మాట అనేసింది. అదీ అందరి ముందూ.

కాలర్లు కుట్టే ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఒక చేతిలో ఐరన్ మాత్ర. ఇంకో చెయ్యి టీ గ్లాసు కోసం చాచి అలాగే నిలబడిపోయింది.

"నేనేం ఊరికే అడగట్లేదుగా పెద్దమ్మా!"

"మాత్ర వేసుకుంటే నిమ్మనీళ్ళే. టీ కావాలంటే సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు రా."

"వట్టి నీళ్ళతో వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. టీ అయితే గుటుక్కున దిగిపోతుంది."

"దిగితే చాలా?" అంటూ పెద్దమ్మ నిమ్మకాయ కోసింది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. టీ అమ్ముకునే మనిషే టీ వద్దంటే నవ్వరా మరి!

కాలర్లు కుట్టే ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. నెలనెలా రక్తం విపరీతంగా పోతోంది. ఆపరేషన్ చెయ్యాలి. చెయ్యాలంటే ముందు ఒంట్లో రక్తం పెరగాలి. మాత్రలు మింగుతూనే ఉన్నా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మెట్లెక్కితే ఆయాసం. ఓసారి కుడుతూ కుడుతూ మిషన్ మీదే ఒరిగిపోయింది.

ఇక రోజూ అదే తంతు. దగ్గర్లో ఇంకో టీకొట్టు లేదు. తిట్టుకుంటూనే నిమ్మనీళ్ళు తాగేది. మాత్ర గొంతు దిగేదాకా పెద్దమ్మ కన్నార్పకుండా చూసేది.

ఒకరోజు పక్క మిషన్ ఆమె జాలిపడి తన టీ ఇచ్చింది. గ్లాసు పెదవుల దాకా వెళ్ళిందో లేదో, పెద్దమ్మ పరుగున వచ్చి లాగేసింది. వేడి టీ చీర మీద ఒలికింది.

"నీకేం పట్టింది? నువ్వేమన్నా నా కన్నతల్లివా?"

పెద్దమ్మ కొంగుతో తుడవబోతే ఆమె చెయ్యి విదిలించేసింది.

ఆ కోపంలోనే వెళ్ళి సూపర్‌వైజర్‌కి చెప్పింది. సాయంత్రానికల్లా కొట్టు ఎత్తించేశారు.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది.

"రక్తం బాగా పెరిగిందమ్మా! ఆపరేషన్‌కి తేదీ ఇచ్చేస్తాను. ఇదివరకు మాత్రలు దేంతో వేసుకునేవారు?"

"టీతోనండి. రెండు నెలల్నించీ ఒకావిడ బలవంతాన నిమ్మనీళ్ళతో వేయిస్తోంది."

"అదీ సంగతి. టీ ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదు. మేమే ముందుగా చెప్పాల్సింది. మాన్పించిందెవరోగానీ, మీ మేలు కోరినవాళ్ళే."

ఆమె అక్కణ్ణించి నేరుగా ఫ్యాక్టరీ గేటుకి పరుగెత్తింది. నాలుగు మెట్లకే ఆయాసపడ్డ మనిషి, ఎక్కడా ఆగలేదు.

గేటు పక్కన పొయ్యి మసి తప్ప ఏమీ లేదు.

"పెద్దమ్మ ఎక్కడుంటుంది?"

వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు. "తెలీదమ్మా. ఇవి మాత్రం మీకిమ్మంది."

సంచి నిండా నిమ్మకాయలు.

ఆమెకు ఏడుపు ఆగలేదు. "నన్ను తిట్టుకోకుండా ఇవి ఇచ్చిందా? నేను తనకేమవుతాననీ?"

"మీకంటే ముందు మీ మిషన్ మీద కుట్టింది ఆమె కూతురేనమ్మా. ఒంట్లో రక్తం లేక కాన్పులో పోయింది. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని ఆ పిల్ల అంటే, రోజూ ఇంటినుంచి వేడివేడి టీ తెచ్చి, దగ్గరుండి తాగించింది ఈ తల్లే."